రాయి స్పీడు, మనిషి స్పీడు

ముందే ఒప్పేసుకుంటాను. నా ఫిజియోథెరపీ యాప్‌లో నమోదైన మొదటి ఎనిమిది వందల నలభై ఎక్సర్‌సైజులు నేను చేసినవి కావు. మారికుప్పం నుంచి బెంగళూరు పోయే పొద్దుటి ట్రైన్ చేసింది.

నాలుగేళ్ళు ల్యాప్‌టాప్ బ్యాగు కుడి భుజానికే తగిలించుకుని తిరిగాను. సీటు లేని రోజు అదే చేత్తో పైకడ్డీ పట్టుకుని రెండు గంటలు వేలాడేదాన్ని. మొదట చిటికెన వేలు మొద్దుబారింది, తర్వాత ఉంగరపు వేలు. ఒకరోజు చేతిలో కాఫీ గ్లాసు ఉందనుకున్నాను, అది నేల మీద ఉంది. మెడ నుంచి చేతికొచ్చే నరాలు కాలర్ బోన్‌కీ మొదటి పక్కటెముకకీ మధ్య నలుగుతున్నాయన్నారు డాక్టరు. మూడు నెలలు ఎక్సర్‌సైజులు చేయాలి, చేతి పట్టు పెరగకపోతే ఆపరేషన్ చేసి ఆ పక్కటెముక తీసేయాలి అన్నారు.

ఆ మాటకు వారం నిద్రపోలేదు. అయినా ఎక్సర్‌సైజులు చేయలేదు. ఎందుకంటే అవి ఎక్సర్‌సైజుల్లా లేవు. భుజాలు మెల్లగా వెనక్కి లాగు, చెయ్యి పక్కకు చాపు, మణికట్టు వంచు, మళ్ళీ మడుచు. కోడిపిల్లను తోలినట్టు ఉంది. పైగా ఫోన్ చేతికి కట్టుకుంటే యాప్ దానంతటదే లెక్కపెడుతుంది. ఇంజనీరింగ్ చదివినదాన్ని, ఆ సెన్సారుకు కావలసింది ఊపు మాత్రమేనని కనిపెట్టడానికి ఎంతసేపు? ఫోన్‌ను టిఫిన్ సంచిలో పెట్టి కిటికీ పక్క కొక్కేనికి తగిలించేదాన్ని. రోజుకు అరవై, టంచనుగా.

మూడో వారం రాబర్ట్‌సన్‌పేటలో ఫిజియో మధురక్క నా గ్రాఫు ముందు పెట్టుకుని కూర్చుంది.

"రంజనీ, పోయిన బుధవారం మాలూరు దగ్గర ట్రైను నలభై నిమిషాలు నిలిచిపోయిందంట గదా?"

"అవునక్కా. నీకెట్ల తెలుసు?"

"నీ చెయ్యి కూడా నిలిచిపోయి ఉండాది. ఇరవై మూడు దగ్గర."

అక్క తిట్టలేదు, అదే ఇంకా కష్టంగా ఉంది. పట్టు కొలిచే పరికరం చేతికిచ్చింది. ఎడమ చెయ్యి ఇరవై నాలుగు కిలోలు. కుడి చెయ్యి తొమ్మిది.

"పోయినసారి పది ఉండె," అంది. "ట్రైనుకి నరం లేదమ్మా. నీకుండాది."

మర్నాటి నుంచి భయంతో నిజంగానే మొదలుపెట్టాను. పోగొట్టుకున్న మూడు వారాలు రాబట్టాలని ఫటఫటా చేశాను. రెండో రోజుకే మోచేతి నుంచి వేళ్ళదాకా కరెంటు కొట్టింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ట్రైన్‌లో ఎదురు సీట్లో ఆంథోనీ అంకుల్.

ఆయన మా తర్వాతి స్టేషన్ చాంపియన్‌లో ఎక్కుతాడు. మారికుప్పంలో ఎక్కే మేము తర్వాతి స్టేషన్ల వాళ్ళకు సీట్లు పట్టిపెట్టడం మా ట్రైన్ రివాజు. నా దుపట్టా పట్టిపెట్టే సీటు ఆయనది. ఇప్పుడు వైట్‌ఫీల్డ్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. మా ఊరి బంగారు గనులు మూసేదాకా వైండింగ్ డ్రైవర్. అంటే మనుషులనూ రాయినీ పాతాళం నుంచి పైకి లాగే ఇంజను నడిపినవాడు.

"ఏమ్మా, నువ్వు రాయి లాగుతా ఉండావా, మనుషుల్ని లాగుతా ఉండావా?"

"చెయ్యి లాగుతా ఉండాను, అంకుల్."

"చెయ్యి నీది గాదా? మల్ల రాయి స్పీడేల?" ఇడ్లీ డబ్బా మూత తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇను. కింద నుంచి మూడు బెల్లులొస్తే కేజీలో, అదే గని లిఫ్టులో, మనుషులుండారని. రాయిని ఎట్లన్నా లాగొచ్చు. మనుషుల్ని అట్ల లాగితే మోకాళ్ళు ఇరుగుతాయి. ఒక్క బెల్లొస్తే ఆపల్ల. ఏలని అడగగూడదు."

చెమ్చాతో మూత మీద మూడు కొట్టాడు. టింగ్, టింగ్, టింగ్. వెనక బెంచీలోంచి ఎవరో "ఏమప్పా, మల్ల గనులు తెరిచినారా?" అన్నారు. బోగీ అంతా నవ్వింది. అంకుల్ నవ్వలేదు, నా మొహమే చూస్తున్నాడు. చెయ్యి మెల్లగా చాపాను. కనుబొమ్మ ముడిపడగానే టింగ్. ఆపేశాను.

"ఇంకొంచెం పోతాను అంకుల్."

"డ్రైవర్ నువ్వా, నేనా?"

అలా బంగారపేట దాటాక మొదలుపెట్టి టేకల్ వచ్చేలోపు ముగించేవాళ్ళం. ఫోన్ చేతికి కట్టుకునే. మొదట్లో అరవైలో పన్నెండు కూడా అయ్యేవి కావు. నాకు కోపం వచ్చేది. "ఈ లెక్కన రిటైరయ్యేదాకా చేయాల," అంటే, "నేను పద్దెనిమిదేండ్లు నిదానంగానే లాగినాను. నా కేజీలో ఒక్కరికీ దెబ్బ తగల్లేదు," అన్నాడు. ఆ ఒక్క మాట ఆయన గొప్పగా చెప్పుకోగా విన్నాను, అదొక్కసారే.

బ్యాగు రెండు భుజాలకూ మార్చాను. సీటు లేకపోతే నిలువు కడ్డీ పట్టుకుంటున్నాను. ఆరో వారానికి కరెంటు తగ్గింది. తొమ్మిదో వారంలో ఉంగరపు వేలికి కాఫీ వేడి తెలిసింది. ఆఫీసులో అందరి ముందూ "అబ్బా, కాలింది!" అని సంతోషంగా అరిచింది నేనే.

మూడు నెలల చివర మధురక్క గ్రాఫు చూసి కళ్ళజోడు సర్దుకుంది.

"ఇది ట్రైను గాదు," అంది. "మన ట్రైను కూడా ఇంత నిదానంగా పోదు."

కుడి చెయ్యి పదిహేడు కిలోలు. ఆపరేషన్ ఇప్పటికి అక్కర్లేదు, ఇలాగే కొనసాగించమన్నారు డాక్టరు. చిటికెన వేలు ఇంకా సగం నిద్రలోనే ఉంది. పర్వాలేదు, దానికి తొందర లేదు.

మర్నాడు చాంపియన్‌లో అంకుల్ ఎక్కగానే ఆయన డబ్బా అడిగి తీసుకున్నాను. చెమ్చా కుడి చేత్తో పట్టుకున్నాను. జారలేదు. మూత మీద ఒక్క బెల్లు కొట్టాను. ఆయన వంగి చెమ్చా పట్టుకున్న నా వేళ్ళకేసి చూశాడు.

"ఇంగ కొట్టేది నేర్చినావు గానీ," అన్నాడు చివరికి, "నా ఇడ్లీ చల్లారిపోతా ఉండాది, ఇయ్యి."

నా దొంగతనం చెప్పేశాను. మీరూ ఏ ఫిజియోనో, ఏ యాప్‌నో మోసం చేసే ఉంటారు. ఎలా దొరికిపోయారు? తర్వాత మీకు బెల్లు కొట్టిందెవరు? రాయండి, చదువుతాను. టేకల్ దాటాక నాకు ఖాళీయే.