మొలక లేని తొట్టి

కోడలి ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మామగారు "మట్టిలో పురుగుల్ని మేపుతుంది" అని తేల్చేసేవారు. అది మరీ అబద్ధమేమీ కాదు. మందుల కంపెనీ ప్రయోగశాలలో ఆమె పెంచేది కంటికి కనిపించని మట్టి బాక్టీరియాని. దానికి మేత, మొక్కల నూనెల్లో ఉండే స్టెరాయిడ్లు. మామూలు బాక్టీరియా అయితే వాటిని ఆనవాలు లేకుండా తినేస్తుంది. ఈమెకు దొరికింది మాత్రం వింత రకం. స్టెరాయిడు అణువు తోకను కత్తిరించే ఎంజైములు దానికి మహా చురుకు. ఆ అణువు అసలు ఒంటిలోని నాలుగు వలయాలను విరగ్గొట్టాల్సిన ఎంజైము శుద్ధ బద్ధకం. అలా అది వదిలేసిన వలయాలే ఉబ్బసం మందుకు ముడిసరుకు. ఆ బాక్టీరియాకి ఆమె ముద్దుగా 'సగంతిండి' అని పేరు పెట్టుకుంది.

అది దొరికింది కూడా ఇంట్లోనే. పెరట్లో తూము పక్కన, అత్తగారు మూకుడు తోమే ముందు అడుగు నూనె ఒంపుతూ వచ్చిన మట్టిలో. ఆ అత్తగారు ఇప్పుడు లేరు.

ప్రయోగశాలలో ఫ్రీజరు చెడిపోయి, దాచిన సగంతిండి అంతా చచ్చిపోయింది. మళ్లీ ఆ మట్టి దొరక్కపోతే ఇన్నేళ్ల పనీ బూడిదలో పోసిన పన్నీరే. అక్కడిప్పుడు మట్టి లేదని తెలిసి తెలిసీ పెరట్లోకి పరుగెత్తింది. తూము చుట్టూ నున్నటి సిమెంటు. జిడ్డుకి కోడలు జారిపడుతోందని మామగారే చేయించారు. అప్పుడు మెచ్చుకున్నదీ తనే. మెట్టు మీద కూలబడి ఏడ్చేసింది.

"ఏమైందమ్మా?" అన్నారు మామగారు కంగారుగా. ఆమె చెప్పింది.

ఆయన డాబా మెట్ల వైపు నడిచారు. "నవ్వనంటే ఒకటి చూపిస్తా, రా."

డాబా మీద నీళ్ల ట్యాంకు వెనకున్న తొట్టి అందరికీ తెలిసిందే. అందులో మొలక లేదు, అయినా రోజూ నీళ్లు చల్లుతారాయన. "ఏం పండుతోంది నాన్నా?" అని కొడుకు ఆటపట్టించేవాడు. వయసు మీదపడి మతిమరుపేమోనని కోడలు లోలోపల బెంగపడేది.

"సిమెంటు వేయించేముందు తూము దగ్గరి మట్టి పారేద్దామనే తవ్వాను. చేతులు రాలేదు. మీ అత్తయ్య నూనె పోసిన మట్టి కదా. అందుకే అప్పుడప్పుడూ మూకుట్లో అడుగు నూనె నేనూ పోస్తున్నా. చాదస్తం అంటారని చెప్పలేదు."

కోడలు వంగి వాసన చూసింది. అదే కమురు నూనె వాసన. పొంగుకొచ్చిన ప్రేమతో ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఒక్క చెంచా చాలు మామయ్యా."

"తీసుకో. మిగతాది ఇక్కడే ఉండనీ."

ఆ చెంచాడు మట్టిలోంచి సగంతిండిని వెతికి పట్టుకుని పెంచడానికి వారాలు పట్టింది. చివరికి పరీక్షలో నాలుగు వలయాలూ చెక్కుచెదరకుండా తేలాయి. ఆ సాయంత్రం చెప్పులైనా విప్పకుండా డాబా ఎక్కింది. మామగారు మూకుడు పట్టుకుని తొట్టి దగ్గరే ఉన్నారు.

"బతికే ఉంది మామయ్యా! మీరూ పురుగుల్నే మేపారు."

ఆయన నవ్వబోయి, చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నారు. మూకుడు ఆమె చేతికిచ్చారు.

"ఇవాళ నువ్వు పొయ్యమ్మా. మధ్యలో కాదు, అంచున. ఆవిడ అలాగే పోసేది."