ఎక్కడిదీ చప్పుడు

బేరింగే అయి ఉండాలి, ఇంకేముంటుంది గనక. కాని మూడుసార్లు విప్పాను, మూడుసార్లూ లోపల పోసిన తెల్లలోహం అద్దంలా ఉంది, నీలిరంగు పూసి తిప్పి చూస్తే అంతటా సమంగా అంటింది. బేరింగులో తప్పు లేదు. అంటే నా పనిలో లేదు. మరి ఎక్కడిదీ చప్పుడు?

మల్లేశ్వరరావు ఇనుప కడ్డీని సిలిండరుకు ఆనించి రెండో కొస ఎడమ చెవికి పెట్టుకున్నాడు. టక్. క్రాంకు మీదికి మార్చాడు. అదే టక్. ఎక్కడ పెట్టినా ఒకేలా, ఎవరో గోడకవతల తలుపు కొడుతున్నట్టు.

గుఢియారీ పేటలోని రైసుమిల్లు సేఠు ఈ ఆయిలింజను పెద్ద రిపేరుకు తననే పిలిపించడానికి కారణం ఆ చెవే. బి.ఎన్.ఆర్. రైలు కంపెనీ లోకోషెడ్డులో ఇరవైరెండేళ్లు ఫిట్టరుగా ఉన్నన్నాళ్లూ, ఇంజను షెడ్డులోకి రాకముందే దాని రోగం చెప్పేవాడు. ఇవాళ సాయంత్రానికి చప్పుడు పోకపోతే నాగపూరు నుంచి వేరే మిస్త్రీని రప్పిస్తానని సేఠు పొద్దున్నే చెప్పి వెళ్లాడు. ఆ తరువాత ఈ ఊళ్లో తననెవరు పిలుస్తారు?

"బావూ, బెల్టేసి దాన్యం ఆడిత్తంటే తగ్గతంది. కాలీగా తిరిగితే పెరగతంది. సెక్రం కాడే ఉంది సప్పుడు," అన్నాడు దానయ్య. మిల్లులో ఇంజను నడిపేవాడు, తనకన్నా పదేళ్లు పెద్ద.

"దానయ్యా, నూనె పోసేవాడివి నూనె పొయ్యి."

"పోత్తన్నాను. నీ కడ్డీకి సెవుడొచ్చినట్టుంది, దానిక్కూడా రెండు సుక్కలెయ్యమంటావా?"

వేళాకోళానికే అన్నాడు. మల్లేశ్వరరావుకు మెడ దాకా వేడెక్కింది.

బరువు పడ్డాక తగ్గే చప్పుడు బేరింగుది కాదు. షెడ్డులో ఆ సంగతి పదిమందికి నేర్పింది తనే. తెలిసీ మనసు మళ్లీ మళ్లీ బేరింగు దగ్గరికే ఎందుకు పోతోంది? నాలుగోసారి విప్పుదామని పానా కూడా చేతిలోకి తీసుకున్నాడు.

చక్రాన్ని షాఫ్టుకు బిగించే ఇనుప చీల దిగగొట్టింది కూడా తనే. చీల పూర్తిగా బిగిస్తే సుత్తిదెబ్బ గంటలా మోగుతుంది. ఆ రోజు మోగిందా? ఎంత వెతికినా ఆ మోత జ్ఞాపకంలో దొరకలేదు. చెయ్యి గుర్తుంది, చెమట గుర్తుంది, మిల్లు మీద వాలిన పావురాలు గుర్తున్నాయి. మోగే ఉంటుందిలే అనుకుని అప్పుడు సుత్తి దించేశాడు.

ఇంట్లో భార్య రమణమ్మ నెల్లాళ్లుగా తన కుడివైపుకు వచ్చి మాట్లాడుతోంది. ఎందుకని తను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఇంజను ఖాళీగా తిరుగుతోంది. దానయ్య నూనెడబ్బా కింద పెట్టి, చక్రం వంక చూస్తూ నిలబడ్డాడు.

మల్లేశ్వరరావు పానా కింద పెట్టాడు. కడ్డీ కొసను పైగుడ్డతో తుడిచాడు.

"మావా," అని, దాన్ని దానయ్య చేతికిచ్చాడు.