నూట ముప్పై బై ఎనభై

1998 వేసవిలో మాదాపూర్ బండరాళ్ళ మధ్య ఒక పదంతస్తుల మేడ లేస్తోంది. ఆ పని చేయిస్తున్న కాంట్రాక్టరు రేకుల షెడ్డులో ఒక గది వేసి, దెబ్బలకు కట్లు కట్టడానికి కనకలక్ష్మిని నర్సుగా పెట్టుకున్నాడు. ఆమెది భీమవరం. భర్త ఉద్యోగం వెంట వచ్చి కొండాపూర్‌లో కాపురం పెట్టింది.

కట్లు కట్టడం కాక ఆమెకు ఇంకో పని ఉండేది. పై అంతస్తుల్లో పనిచేసే ప్రతివాడికీ నెలకోసారి బీపీ చూసి, అతని దగ్గరే ఉండే కార్డు మీద అంకె వేయాలి. నూట అరవై దాటితే ఆ మనిషిని కిందికి దించి కంపెనీ డాక్టరు దగ్గరికి పంపాలి.

పెంటయ్య సెంట్రింగ్ మేస్త్రి. నానక్‌రామ్‌గూడవాడు, యాభైకి దగ్గర పడ్డాడు. స్లాబు కింద చెక్కలు బిగించడంలో అతని తర్వాతే ఎవరైనా. జూన్‌లో అతని చేతికి పట్టీ చుట్టి చూస్తే నూట తొంభై బై నూట పది. పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ చూసింది. అదే అంకె.

"తలనొప్పి వస్తోందా పెంటయ్యా?"

"పొద్దుగాల జరంత ఉంటది సిస్టరమ్మా. ఛాయ్ తాగితే పోతది."

"ఇది ఛాయ్‌తో పోయేది కాదు. నిన్ను కిందికి దించమని రాయాలి."

పెంటయ్య తలకు చుట్టుకున్న తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు. "గట్ల జెయ్యకు. నా దగ్గర పని నేర్సినోళ్ళు పైన ఉంటే, నేను కింద ఇసుక జల్లెడ పట్టాల్నా? దవాఖానకు పోత. గోలీలు మింగుత. నీ కాళ్ళు మొక్కుత, గీ ఒక్కసారి రాయకు."

నిజంగానే వంగబోయాడు. తనకంటే పెద్దవాడు కాళ్ళమీద పడబోతుంటే ఆమె ప్రాణం విలవిల్లాడింది. పెన్ను తీసి నూట ముప్పై బై ఎనభై అని వేసేసింది. రేపే సర్కారు దవాఖానకు వెళ్ళాలని ఒట్టు వేయించుకుంది.

పెంటయ్య మాట తప్పలేదు. మర్నాడే వెళ్ళి మాత్రలు తెచ్చుకుని, వచ్చి చూపించాడు కూడా. జూలైలో చూస్తే నూట నలభైకి దిగింది. మంచిపనే చేశాననుకుంది కనకలక్ష్మి.

ఆగస్టులో మళ్ళీ నూట ఎనభై.

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"తలనొప్పి పోయింది గదా. ఇగ గోలీలెందుకని ఇడిసిపెట్టిన."

"ఎంత పని చేశావయ్యా! మాత్ర వేసుకున్నావు కాబట్టే అది అణిగింది. మానేస్తే మళ్ళీ లేస్తుంది. బీపీ ఉన్నట్టు ఒంటికి తెలియదు పెంటయ్యా. నొప్పి లేదని రోగం లేనట్టు కాదు."

"సరే, రేపటి సంది మింగుత. గీ స్లాబు పడేదాంక పైన ఉండనియ్యి."

ఈసారి ఆమెను ఆపింది జాలి కాదు. డాక్టరు దగ్గరికి పంపితే జూన్ సంగతి పెంటయ్య నోట ఎక్కడ బయటపడుతుందోనని భయం. మళ్ళీ నూట ముప్పై బై ఎనభై వేసింది. సెప్టెంబరులోనూ అంతే. అప్పటికి పట్టీ చుట్టడం, అంకె చూడడం, వేరే అంకె వేయడం చేతికి అలవాటైపోయింది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం, పెంటయ్య కింద నీళ్ళ డ్రమ్ము పక్కన అన్నం తింటున్నాడు. నోటికెత్తిన ముద్ద చేతిలోంచి జారిపోయింది. ఇంకో ముద్ద కలపబోతే కుడిచెయ్యి లేవలేదు. కనకలక్ష్మి పరుగున వచ్చేసరికి మూతి ఒకవైపుకు లాగేసి ఉంది. ఏదో చెప్పబోతున్నాడు, మాట ముద్దగా వస్తోంది. ఎవరో చెంబుతో నీళ్ళు పట్టబోతే, పొలమారుతుందని ఆమె ఆపింది. పక్కకు తిప్పి పడుకోబెట్టించి, కంపెనీ జీపులో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దారిలో చూస్తే రెండువందల ఇరవై.

కబురు అంది అతని భార్య ఈరమ్మ ఆసుపత్రికి వచ్చింది. డాక్టరు అడిగాడు, "ఈయనకు బీపీ ఉందా? మందులు వాడేవాడా?"

"లేదు సారూ. నెలనెలా సూస్తరు. అంతా మంచిగనే ఉన్నదని రాసిచ్చిన్రు." ఈరమ్మ పెంటయ్య అంగీ జేబులోంచి కార్డు తీసి ఇచ్చింది. "తలనొప్పికి తెచ్చుకున్న గోలీలు ఎందుకు ఇడిసినవని నేను ఎన్నిసార్లు అడిగినా గిదే సూపెట్టేటోడు. కార్డుల మంచిగున్నంక గోలీలెందుకే అనేటోడు."

కనకలక్ష్మి ఆ కార్డు వంక చూసింది. ఆ అంకె కంపెనీ కోసం వేసింది. అది అతని ఇంటిదాకా వెళ్ళి అతని భార్య నోరు మూయించిందని ఆమెకు ఒక్కనాడూ తోచలేదు.

డాక్టరుకు నిజం చెప్పింది. కానీ ఇంగ్లీషులో చెప్పింది. పక్కనే నిలబడ్డ ఈరమ్మకు అర్థం కాకూడదని.

కంపెనీలో కూడా తనే ఒప్పుకుంది. వారం తిరగకుండా ఉద్యోగం పోయింది. అందుకు ఆమెకు బాధ లేదు. ఈరమ్మకు చెప్పలేకపోయానన్నదే కంట్లో నలుసులా గుచ్చుకుంటూ వచ్చింది. నెలన్నర అయ్యాక షేర్ ఆటో ఎక్కి నానక్‌రామ్‌గూడ వెళ్ళింది.

పెంటయ్య గడపలో మంచం మీద ఉన్నాడు. ఆమెను చూసి ఎడమచెయ్యి పైకెత్తి నవ్వబోయాడు. సగం మొహమే నవ్వింది. ఈరమ్మ కుర్చీ తెచ్చి వేసింది. "మంచిగ జూసుకున్నవమ్మా. నువ్వు లేకుంటే గా దినమే పోయేటోడు" అంది.

కనకలక్ష్మి కూర్చోలేదు. "ఈరమ్మా, ఆ కార్డు మీది అంకెలు అబద్ధం. ఆయనకు బీపీ ఉందని నాకు జూన్‌లోనే తెలుసు. పని పోతుందని బతిమాలాడు. నేను తప్పు రాశాను."

ఈరమ్మ మంచం వైపు తిరిగింది. మొగుడి వంక చూసింది. అతను చూపు దించుకున్నాడు.

"కంపెనోళ్ళకు దాసినవు, సరే," అంది. "నాకెందుకు దాసినవమ్మా? దినాం నేనే గోలీ నోట్లేసి నీళ్ళు తాపుదును గదా. గొడ్డును కాసినట్టు కాసుకుందును గదా."

కనకలక్ష్మికి ఏడుపు వచ్చింది. ఇక్కడ అది తన హక్కు కాదనిపించి ఆపుకుంది.

"ఇగ నువ్వు రాకు," అంది ఈరమ్మ.

కనకలక్ష్మి తల వంచుకుని బయటకు నడిచింది. ఆటోలు ఆగే మూల దగ్గరికి చేరిందో లేదో, వెనక నుంచి గాజుల చప్పుడు. ఈరమ్మ వగరుస్తూ వచ్చింది. చేతిలో రెండు రకాల మాత్రల పట్టీలు.

"ఏది పొద్దుగాలది, ఏది రాత్రిది? మందుల దుకాణపోడు చెప్పింది మర్సిన."

గొంతులో కోపం అలాగే ఉంది. కనకలక్ష్మి అక్కడే ఒక ఇంటి అరుగు మీద కూర్చుంది. ఒక పట్టీ మూలకు చిన్న ముడత పెట్టి, "ఇది పొద్దున. ముడత లేనిది రాత్రి. ఒంట్లో బాగున్నా మానకూడదు. అయిపోయే ముందే తెచ్చిపెట్టుకో. ఉప్పు, పచ్చడి తగ్గించు," అని చెప్పింది. రెండోసారీ చెప్పింది.

ఈరమ్మ ముడతను వేలితో తడిమి చూసుకుంది. తలైనా ఊపకుండా, పట్టీలు కొంగున ముడేసుకుని ఇంటివైపు నడిచింది.