పచ్చజెండా జవాబు

హనుమకొండలోని ఆడపిల్లల బడి నుంచి రాహేలుకు కార్డు వచ్చింది. ఇంగ్లీషు టీచరు ఉద్యోగం. శుక్రవారం పన్నెండు గంటల్లోగా చేరకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట. శుక్రవారం రానే వచ్చింది, భర్త యోసేపు మాత్రం రాలేదు. ఆయన గూడ్సు గార్డు. బండెక్కితే మళ్ళీ ఎప్పుడు దిగుతాడో రైల్వేవాళ్ళకే తెలియదు. దిగినా, ఉద్యోగం మాటెత్తితే "చూద్దాం తియ్" అనేవాడు. పెళ్ళయిన పదకొండేళ్ళలో చూద్దామన్నది ఏదీ ఆయన చూసిన పాపాన పోలేదు.

ఏడింటికల్లా ఆమె వరంగల్ స్టేషన్లో ఉంది. డ్యూటీలో ఉన్న అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్ సారంగపాణిది వాళ్ళ పక్క క్వార్టరే.

"డోర్నకల్‌కు జర ఫోన్ చెయ్యి తమ్మీ. మీ అన్న బండి ఆడనే ఉన్నదట."

"ఉన్నది వదినా. ఇప్పుడే ఇడుస్తరు. ఈడ ఆగదు, సీదా కాజీపేటకే. ఏం చెప్పాలె?"

"బడి కార్డు వచ్చింది, ఇయ్యాల్నే ఆఖరు. చేరమంటే ఈ స్టేషన్ దాటేటప్పుడు పచ్చజెండా ఊపమను. వద్దంటే ఎర్రది."

సారంగపాణి ఫోను పట్టుకునే ఆగిపోయాడు. "వదినా, స్టేషన్ దాటేటప్పుడు పచ్చజెండా ఊపుడు గార్డు డ్యూటీ. ఎర్రది ఊపితే బండి ఆగుతది, అన్న మీద చార్జిషీటు వస్తది."

"గట్లనా?" అంది రాహేలు, గార్డు భార్య కానట్టే. "అయితే మంచిగ ఆలోచించే ఊపుతడు."

సారంగపాణి నవ్వుకుంటూ ఫోను తిప్పాడు. కాసేపటికి డోర్నకల్ నుంచి జవాబు: "చెప్పినం. గార్డు ఏందో అంటుండె గని, బండి కదిలింది."

పదిన్నరకు గూడ్సు వచ్చింది. రాహేలు గంజిపెట్టిన చీరలో, చేతిలో సర్టిఫికెట్లతో ప్లాట్‌ఫారం మీద నిలబడింది. చివరి డబ్బాలో యోసేపు కనిపించాడు. కుడిచేయి పచ్చజెండా ఊపుతోంది. ఎడమచేయి వద్దు వద్దంటోంది. తల అడ్డంగా ఊగుతోంది. నోరు ఏదో అరుస్తోంది. నలభై వ్యాగన్ల చప్పుడులో ఒక్క ముక్క వినబడలేదు. ఎర్రజెండా చంకలోనే ఉంది.

"అన్న వద్దంటున్నడేమో వదినా!"

"ఏ జెండతోని?"

రాహేలు హనుమకొండ బస్సెక్కింది.

సాయంత్రం యోసేపు చెప్పులైనా విడవకుండా మొదలుపెట్టాడు. "ఏందే, చేరినవా? నేను వద్దంటాంటే కనవడలేదా?"

"పచ్చజెండా చూపిచ్చిండ్రు గదా."

"అది స్టేషన్‌కు!"

"స్టేషన్ల నేను గూడ ఉంటి. నాకేది, స్టేషన్‌కేది అని విడిగ చూపియ్యకపోతిరి."

"తల ఊపుతాంటి గదనే!"

"తల ఊపుడు మీ రూల్సు బుక్కుల ఏ పేజీల ఉన్నదో చూపియ్యుండ్రి, ఇప్పుడే మానుకుంట. గని రిజిస్టర్ల సంతకం పెట్టిన. మానాలంటే రాజీనామా ఇంగ్లీషుల రాయాలె. మీరు రాయుండ్రి, తప్పులు నేను దిద్దుత."

కాగితం, పెన్ను ఆయన ముందుపెట్టి ఆమె వంటింట్లోకి పోయింది. యోసేపు "టు" అని రాసి, ఆ తర్వాత ఎవరికో తేల్చుకోలేకపోయాడు. చివరికి పెన్ను మూసి కేకేశాడు.

"బడి ఎన్నింటికి ఇడుస్తరు?"

"నాలుగున్నరకు."

"మరి చాయ్ ఎవరు పెడతరు?"

"చూద్దాం తియ్యుండ్రి," అంది రాహేలు.