నేల మీది వేదిక

ఏడాదికోసారి ఆడవాళ్లే ప్రసంగించే స్త్రీల ఆదివారం పొద్దున, మిసిసిపి ఎండ ముదరకముందే చర్చి నిండిపోయింది. ప్రసంగం వెర్లీన్ టిస్‌డేల్‌ది. అమెరికాలో ఆడవాళ్లు చర్చిలను ఎలా నిలబెట్టారో తవ్వి తీయడమే ఆ ప్రొఫెసరమ్మ జీవితం. ఈ సంఘపు తల్లులు, అంటే చర్చిలో అందరూ అమ్మా అని పిలిచే పెద్దావిడలు, తమ బతుకులు విప్పి చెప్పబట్టే ఆమె పుస్తకం సగానికి వచ్చింది. మిగతా సగం ఇంకా వాళ్ల గుండెల్లోనే ఉంది.

పాస్టర్ హోలిస్ నవ్వుతూనే వేదిక మెట్లకు అడ్డం నిలబడ్డాడు.

"పైకి కాదమ్మా. మా దగ్గర ఆడవాళ్లు కింద స్టాండు దగ్గరే మాట్లాడతారు."

"ప్రసంగానికి పిలిచింది మీరే కదండీ?"

"పిలిచాం. పీట ఎక్కడ వేయాలో కూడా మేమే చెప్తాం."

వెర్లీన్ లెక్క వేసుకుంది. మెట్లెక్కితే తన మాట నిలుస్తుంది. కానీ తనను పిలిపించిన తల్లుల మీద పాస్టరు కోపం పడుతుంది, రేపు కథలు చెప్పడానికి ఒక్కరూ తలుపు తీయరు. కింద నిలబడితే తలుపులు దక్కుతాయి. కానీ ఇన్నేళ్లు రాసిందంతా తన చేత్తో తనే కొట్టేసుకున్నట్టవుతుంది. ఎటు తూచినా నష్టమే.

ఆమె కాలు మొదటి మెట్టు మీద పడింది. చర్చిలో విసనకర్రలన్నీ ఆగిపోయాయి.

"దిగు పిల్లా," అంది ముందు బల్ల మీంచి తెల్లబట్టల ఒడెస్సా అమ్మ. పాస్టర్లు ఎందరో మారారు గానీ ఆ బల్ల మీద ఆవిడ మారలేదు.

"అమ్మా, మీరు కూడానా?"

"ఇంత చదివావు, బేరం చేయడం రాదా? దిగమన్నానా!"

వెర్లీన్ దిగింది. ముఖం మండిపోతోంది. పాస్టరు పైకెళ్లి పెద్ద కుర్చీలో సర్దుకు కూచున్నాడు.

ఒడెస్సా అమ్మ చేతికర్రతో నేల మీద కొట్టింది. "అమ్మాయిలూ, ఆ స్టాండు ఎత్తండి. వెనక్కి... ఇంకా వెనక్కి. ఆఁ, గుమ్మం దగ్గర దించండి."

పాస్టరు లేచాడు. "ఏంటమ్మా ఇది?"

"కిందే అన్నారుగా అయ్యగారూ. అదీ కిందే. ముసలి ప్రాణం, గాలి తగిలే చోట బాగా వినబడుతుంది."

ఎవరో కిసుక్కుమన్నారు. ఒడెస్సా అమ్మ వేదికకు వీపు పెట్టి వెనక్కి తిరిగింది. తల్లుల వరస తిరిగింది. తర్వాత బల్లలు కిర్రుమంటూ చర్చంతా తిరిగింది. పాస్టరుకు కనబడినవి ఆదివారం టోపీల వెనకవైపులే.

వెర్లీన్ గుమ్మం దాకా నడిచి స్టాండు వెనక నిలబడింది. పాస్టరు వేదిక మీద అలాగే నిలబడ్డాడు. ఆయన ఒక్కమాట అంటే సంఘం రెండుగా చీలుతుంది.

చివరికి మెట్ల మీద పాస్టరు దిగివస్తున్న బూట్ల చప్పుడయింది. ఓడినవాడికి కూచోడానికి చోటివ్వకపోతే బేరం కుదిరినట్టు కాదని ఒడెస్సా అమ్మకు తెలుసు. బల్ల మీద పక్కకు జరిగి, తన విసనకర్ర ఆయన చేతికిచ్చింది.

"మొదలుపెట్టు పిల్లా. అయ్యగారు కూడా వింటారట."