జీవుడు దూరిన చోటు

తండ్రి పోయిన వారానికి చిన్నదాని కడుపులో బిడ్డ మొదటిసారి కదిలింది. ఆమె చేతిలోని గిన్నె పక్కన పెట్టి గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"కదిలిందా?" అంది మేనత్త. "నేననుకుంటూనే ఉన్నా. జీవుడు ఒంట్లోంచి బయటపడ్డాక వెంటనే పోడే. బతికుండగా ఎవర్ని వదల్లేకపోయాడో వాళ్ళ చుట్టూ తిరుగుతాడు. చోటు దొరికితే దూరతాడు. మా అన్నయ్య నీ దగ్గరికే వచ్చాడు."

అక్క సంతోషం పట్టలేక ఏడ్చేసింది. ఆమెకు పిల్లల్లేరు. తండ్రికి ఆమె అంటే ప్రాణం. చిన్నది మాత్రం గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆయన తాళాలు బాగుచేసేవాడు. వీధిలో ఎవరు పిలిచినా నవ్వుతూ వెళ్ళేవాడు. ఇంట్లో చిన్నకూతురు కంటబడితే చాలు, చెయ్యి లేచేది. భార్య ఈమెను కంటూ చనిపోయింది. ఆ కోపం ఆయనకు చివరిదాకా చల్లారలేదు. చిన్నది సామాన్ల గదిలోకి పరుగెత్తి లోపల్నుంచి తలుపు తాళం వేసుకునేది. ఆయన తొందరపడేవాడు కాదు. బయట స్టూలు వేసుకుని కూర్చుని, సన్నటి తీగతో తాళం తీసేవాడు. దెబ్బలకన్నా తాళంలో ఆ గీకుడే ఆమెకు ఎక్కువ భయం.

"రానీ, మామగారైతే మరీ మంచిది. మన బీరువా తాళం ఎప్పట్నుంచో పట్టేసింది" అని భర్త నవ్వించబోయాడు. ఆమెకు నవ్వు రాలేదు. బిడ్డ కదిలినప్పుడల్లా లోపలినుంచి ఎవరో తలుపు తీస్తున్నట్టే ఉండేది.

మగపిల్లాడు పుట్టాడు. అక్క ఎత్తుకుని, "వచ్చావా నాన్నా!" అంది. పసివాణ్ణి అందరూ నాన్నా అనే అంటారు. నర్సు కూడా "ఏడవకు నాన్నా" అనే అంది. చిన్నదాని నోటికి మాత్రం ఆ మాట రాలేదు. "వీడు" అనేది, అంతే.

రెండో నెలలో ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. పిల్లాడు గుక్కపట్టాడు. పాలిచ్చింది, గుడ్డ మార్చింది, భుజాన వేసుకుని తిప్పింది. ఊరుకోలేదు. మంచం మీద పడుకోబెట్టి, బయటికొచ్చి, తలుపుకు గడియ పెట్టింది.

ఏడుపు పెరిగింది, బొంగురుపోయింది, మళ్ళీ లేచింది. మొదట ఆమె గడియ మీంచి చెయ్యి తీయలేదు. తర్వాత, ఎండలోంచి నీడలోకి వచ్చినట్టు, ఒళ్ళంతా చల్లబడింది.

"ఏడు" అంది పైకే. "ఇప్పుడు తెలుస్తోందా?"

నవ్వు కూడా వచ్చింది. ఆ నవ్వు చెవిన పడగానే ఆమె కొయ్యబారిపోయింది.

లోపల ఏడుపు ఆగిపోయింది.

గడియ తీసి లోపలికి వెళ్ళింది. పిల్లాడు ఎర్రబడ్డ మొహంతో వెక్కుతూ తలుపు వైపే చూస్తున్నాడు. ఎత్తుకోవడానికి చెయ్యి చాపితే, ఒళ్ళంతా ఎగిరిపడేలా ఉలిక్కిపడ్డాడు. ఆ ఉలికిపాటు తండ్రిది కాదు. ఆయన దేనికీ, ఎవరికీ ఉలిక్కిపడ్డ మనిషి కాదు. అది తనది.

మేనత్త మాట నిజమే. వచ్చాడు. దూరింది మాత్రం పిల్లాడిలోకి కాదు.

అక్కకు ఫోన్ చేసింది. "వచ్చి వీణ్ణి తీసుకెళ్ళు. కొన్నాళ్ళు నీ దగ్గరే ఉంచుకో."

"ఏమైందే? నాన్న ఏడుస్తున్నాడా?"

"వాడు నాన్న కాదక్కా. వాడు ఎవరో పాపం... త్వరగా రా."

అక్క వచ్చేదాకా వీధి గుమ్మం బయటే నిలబడింది. పిల్లాణ్ణి ఎందుకు పంపావని ఎవరడిగినా తనకు ఒంట్లో బాగోలేదని చెప్పింది. పిల్లాడు అక్క దగ్గరే పెరిగాడు. చిన్నది రోజూ వెళ్ళేది, పక్కన అక్క ఉంటేనే పాలిచ్చేది. వాడు ఏడుపు మొదలెడితే అక్క చేతికిచ్చి మెట్లు దిగి వెళ్ళిపోయేది.

నడక వచ్చాక ఒకరోజు వాడు తప్పటడుగులు వేసుకుంటూ, ఎత్తుకోమని చేతులు చాపి ఆమె దగ్గరికే వచ్చాడు.

"ఎత్తుకోవే, నీకోసమే వస్తున్నాడు" అంది అక్క.

చిన్నది రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.