కొట్టేసిన పద్దెనిమిది అంకెలు

నీలకంఠం మాస్టారికి ముక్కుమీద కోపం, చేతిలో ఎర్ర పెన్ను. కాలేజీలో ఫిజిక్సు చెప్పిన ముప్పై ఏళ్లూ ఆ రెండిటితోనే నెట్టుకొచ్చారు. రిటైరయ్యాక కూడా రెండూ తగ్గలేదు. చివరికి ఆ పెన్నే ఆయన కొంప ముంచింది.

ఆయనా, ల్యాబ్ అటెండరు సూరన్నా కలిసి సీతమ్మధారలో మాస్టారి డాబా మీద నుంచి ఒకే ఒక్క ముసలి నక్షత్రాన్ని పదకొండేళ్లు గమనించారు. మన సూర్యుడిలాంటిదే, వయసుడిగి పైపొరలు వదిలేసుకుంటోంది. వేల ఏళ్లకి ఆ పొరలే వెలిగే మబ్బవుతాయి. దాన్నే గ్రహ నీహారిక అంటారు. పక్క చుక్కలతో పోల్చి వెలుగు అంచనా కట్టడం సూరన్న పని. జాలరి ఇంట పుట్టినవాడు, చూపంటే సూరన్నదే. సాపు రాయడం మాస్టారి పని.

పన్నెండో ఏడు మాస్టారు మోకాలి ఆపరేషనై మెట్లెక్కలేకపోయారు. ఆ రోజుల్లోనే సూరన్న, చుక్క మసకబారిందంటూ పద్దెనిమిది రాత్రుల అంకెలు తెచ్చాడు. వేల ఏళ్ల పని మూడు వారాల్లో అవుతుందా అని మాస్టారు విరుచుకుపడ్డారు. తాగి చూశావా అని కూడా అనేశారు, అనకూడని మాట. సాపు పుస్తకంలో పద్దెనిమిదీ కనపడకుండా ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన ‘చూసినవాడి పొరపాటు’ అని రాశారు. సూరన్న తన చిత్తు పుస్తకం చంకన పెట్టుకుని గుమ్మం దాటి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆరేళ్లు గడిచాక, లోగడ మాస్టారు అంకెలు పంపిన పరిశోధకుల దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఆ నక్షత్రం అప్పట్లో ధూళి కక్కి, ఆ ధూళి చాటున మసకబారిందని ఇప్పుడు ఆనవాళ్లు దొరికాయట. ఆ మూడు వారాల అంకెలు ఎవరి దగ్గరా లేవట, మీ దగ్గరుంటే పంపమన్నారు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు తెల్లారగానే ఆటో మాట్లాడుకుని ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లారు. సూరన్న ఐసు ప్లాంటు గోడవారన కూర్చుని చిరిగిన వల బాగుచేస్తున్నాడు. మాస్టారు అందరి ముందూ సూరన్న చేతులు పట్టుకున్నారు. నువ్వు చూసిందే నిజం, నీ పేరుతోనే పంపుతాను, నీ చిత్తు పుస్తకం ఇవ్వమని బతిమాలారు.

“అది ఆ రోజే పొయ్యిలో ఎట్టేసినాను మాస్టారూ,” అన్నాడు సూరన్న. “మీరు తప్పన్నాక దాసుకుంటానేటి?”

“నీ కళ్లతో చూశావు కదయ్యా. ఎందుకు కాల్చావు?”

“మీ అంతటోరు సెప్పినారు. నా కళ్లకే ఏదో అయిపోనాదనుకున్నాను. ఆ మర్నాటి నుంచి నాను పైకి సూడనేదు.”

మాస్టారు మోకాలి సంగతి మరిచిపోయి ఆ తడినేల మీదే కూలబడ్డారు. సూరన్నే వల పక్కన పెట్టి, చెయ్యందించి లేపాడు.

ఆ మధ్యాహ్నం ఆయన పరిశోధకులకి జవాబు రాశారు. అంకెలు లేవు. సూరన్న చూశాడు. పొరపాటు చూసినవాడిది కాదు, కొట్టేసినవాడిది.